మధ్యలో ఉంచు మావయ్యా

మాది అమలాపురం. నేను మోటార్లు చుట్టేవాణ్ణి. రొయ్యల చెరువుల ఏరియేటర్లు, కొబ్బరినూనె మిల్లు మోటార్లు, బోరు పంపులు కాలిపోతే మా షెడ్డుకొస్తాయి. మాడిన రాగి పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి, పొయ్యిలో ఆరబెట్టి పంపిస్తాం. ఇరవై ఆరేళ్ళుగా ఇదే బతుకు. అందుకని 2019లో నేను హైదరాబాదు వెళ్ళి సెకండ్‌హ్యాండ్‌లో సివిక్ హైబ్రిడ్ కొనుక్కొచ్చానంటే అది కారు మీద మోజుతో కాదండి, దాని కడుపులో ఉన్న మోటారు మీద మోజుతో. మా ఆవిడ ఈ మాట ఇప్పటికీ నమ్మదు.

హోండా వాళ్ళు ఆ కారుని 2008లో మన దేశంలో దించారు. తయారై బయటనుంచి వచ్చేది కాబట్టి ధర ఇరవై లక్షల పైమాటే. పదకొండేళ్ళు గడిచాక నాబోటివాడికి అందే ధరకి దిగింది. ఇంజను 1339 సీసీ. ఆ ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య, అట్లపెనం అంత వెడల్పున, పలచగా ఒక బ్రష్‌లెస్ మోటారు. 15 కిలోవాట్లు, అంటే ఇరవై హెచ్‌పీ. మా చెరువుల్లో నీళ్ళు చిమ్మే రెండు హెచ్‌పీ ఏరియేటర్లు పది కలిపితే ఎంతో, అంత బలం ఆ పళ్ళెంలో ఉంది. దానికి క్లచ్చు గిచ్చు ఏమీ లేదు, క్రాంకుకే బిగించి ఉంటుంది. ఇంజను తిరిగితే అదీ తిరగాల్సిందే. కరెంటిస్తే ఇంజనుకి సాయం తోస్తుంది, కాలు తీస్తే జనరేటరై కరెంటు పుట్టిస్తుంది. మీటరు బోర్డు మీద ఈ రెంటికీ ఇంగ్లీషు పొట్టి అక్షరాలుంటాయి గానీ మా షెడ్డులో వాటికి దన్ను, రాబడి అని పేర్లు పెట్టుకున్నాం.

దన్ను ఎప్పుడివ్వాలో, రాబడి ఎప్పుడు పట్టాలో అంతా కారు ఇష్టం. నడిపేవాడి చేతిలో ఏమీ లేదు. బోర్డు మీద గీతలు అటూ ఇటూ ఆడుతుంటే చూస్తూ కూర్చోవడమే. కొన్న కొత్తలో అది బాగానే ఉంది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండడం మొదలైంది.

ఎక్కడ మండిందంటే, చించినాడ వంతెన దగ్గర. భీమవరం వైపు చెరువుల రైతులు కొందరు నాకు పాత బేరాలు. రాజోలు మీదుగా దిండి దాటితే గోదారి పాయ వశిష్ఠ మీద ఆ వంతెన ఎక్కాలి. మా కోనసీమ చదును మీకు తెలిసిందే, నేలంతా బల్లపరుపు. ఎత్తు అంటూ ఏదైనా ఉంటే అది మనిషి కట్టిందే: కాలవ గట్టో, లాకుల దగ్గర వంతెనో, ఇలాంటి పెద్ద వారధో. ఈ కారు ఏం చేసేదంటే, ఎక్కడో తాటిపాకలో కొబ్బరికాయల లారీని దాటించిన పాపానికి బ్యాటరీ బార్లు, అంటే ఎంత ఛార్జి ఉందో బోర్డు మీద చూపే గీతలు, దాదాపు అన్నీ అక్కడే తగలేసేది. చించినాడ వచ్చేసరికి రెండు బార్లు మిగిలేవి. అప్పుడు బుద్ధొచ్చినట్టు ఛార్జింగు మొదలెట్టేది, సరిగ్గా ఎత్తు ఎక్కేచోట! మనుషుల బరువు, కారు బరువు చాలక జనరేటరు బరువు కూడా ఇంజను నెత్తిన పెట్టేది. వంతెన మీద ముప్పైలో మూలుగుతూ పోతుంటే వెనక ఇసక టిప్పరు హారన్.

"ఎదురుగా వంతెన కనిపించట్లేదటే నీకు!" అని ఒకరోజు కారునే తిట్టాను.

పక్కన మా మేనల్లుడున్నాడు. కాకినాడలో ఈసీఈ చదివేవాడు అప్పటికి. "దానికి కళ్ళు లేవు మావయ్యా, దానికి తెలిసిందల్లా నీ కాలు ఒక్కటే" అన్నాడు.

ఆ మాటతోటే ఇదంతా మొదలైంది. వంతెన నాకు కనిపిస్తోంది కదా. మరి దన్ను మీట నా చేతిలో ఎందుకుండకూడదు?

మీట కంటే ముందు బ్యాటరీ సంగతి చూడాల్సొచ్చింది. అమ్మినాయన "ప్యాకు కొత్తదండీ, రెండేళ్ళు కూడా కాలేదు" అన్నాడు. వెనక సీటు ఊడదీసి చూస్తే కారుతోపాటు పుట్టిందే. టార్చిలైటు పెద్ద సెల్లంతేసి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు 132, ఒక్కోటీ 1.2 వోల్టులు, వరసన కలిపితే 158. కెపాసిటీ 5.5 ఆంపియర్ అవర్లు. గుణించి చూసుకోండి, 0.87 యూనిట్టు. కరెంటు మీటరు మీద ఒక యూనిట్టు కూడా తిరగదన్నమాట. అందులోనూ సెల్లులు చెడిపోకుండా అడుగునా పైనా కొంత ముట్టుకోకుండా మధ్య భాగమే వాడుకుంటుంది కారు. చేతికొచ్చేది అర యూనిట్టు.

ప్యాకులో కొన్ని సెల్లులు నీరసించి, మిగతావి బాగుండటం వల్ల వచ్చే తమాషా ఒకటుంది. ఆరు బార్లు చూపిస్తూ చూపిస్తూ, నీరసించిన సెల్లుల కట్ట వోల్టేజి పడిపోగానే ఒక్కసారిగా ఒక బారుకి జారిపోతుంది. నూతిలో చేద తెగినట్టు. దీనికి మందేమిటంటే, మొత్తం ప్యాకుని పాత వంద వాట్ల బల్బుల వరస మీద నెమ్మదిగా ఖాళీ చేసి, మళ్ళీ 350 మిల్లీ ఆంపియర్ల సన్నని ధారతో రాత్రంతా నింపడం. బలంగా ఉన్నవి నిండిపోయి వేడెక్కుతూ ఆగుతాయి, వెనకబడినవి నెమ్మదిగా వచ్చి కలుస్తాయి. ఆసేపంతా ప్యాకు ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. ఇలా మూడు విడతలు చేశాను. అప్పటికీ మాట వినని రెండు కట్టలు మార్చాను. ఇంట్లో కరెంటు 230 కదా, ఇది 158యే కదా అని చెయ్యి పెట్టేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పెట్టకండి. నేను ప్యాకు మెయిన్ స్విచ్చి ఆపి, పది నిమిషాలు టీ తాగి, మీటరు పెట్టి సున్నా చూసుకుని, వెయ్యి వోల్టుల రబ్బరు తొడుగులు వేసుకుని గానీ మూత తియ్యలేదు. కెపాసిటర్లు చచ్చిన పాముల్లా ఉంటాయి, చచ్చాయో లేదో మీటరే చెప్పాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. కాలేజీ మూసేస్తే మేనల్లుడు ఇంటికొచ్చేశాడు. చెరువుల పని అత్యవసరం కాబట్టి మా షెడ్డు సగం తెరిచే ఉండేది. వాడికి పనిలేదు, నాకు మనిషిలేడు. ఆ ఏడు నెలల్లో తయారైంది ఆ పెట్టె.

దాని కిటుకు చెప్తాను. కారులో ఇంజను కంప్యూటరు ఒకటి, మోటారు కంప్యూటరు ఒకటి. మొదటిది రెండోదానికి క్షణక్షణం పురమాయిస్తూనే ఉంటుంది: ఇంత తొయ్యి, ఇంత పట్టు, ఊరుకో. మా పెట్టె ఆ రెంటి మధ్యా దూరి కూర్చుంటుంది. మీట ముట్టుకోకపోతే వచ్చిన మాట వచ్చినట్టే అటు చేరవేస్తుంది. మీట కదిపితే మాత్రం ఇంజను మాట పక్కనపెట్టి నా మాట చెబుతుంది. ఇది మేం కనిపెట్టిన విద్య కాదు. 1999 ఆఖర్లో అమెరికాలో దిగిన తొలి ఇన్‌సైట్, రెండు సీట్ల చిన్న కారు, లీటరు ఇంజనుది, దాని యజమానులు కొందరు గేరు రాడ్డు తల మీద బుల్లి జాయ్‌స్టిక్ పెట్టుకుని ఇదే పని చేశారు. దారి ఉందని వాళ్ళని చూసే తెలిసింది. కానీ వాళ్ళ కారు వేరు, మా కారు వేరు. మా కారు రెండు కంప్యూటర్లూ ఏం మాట్లాడుకుంటున్నాయో వినడానికే వాడికి నాలుగు నెలలు పట్టింది. నేను కారు నడపడం, వాడు పక్క సీట్లో లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని "ఇప్పుడు కాలు తియ్యి, ఇప్పుడు నొక్కు, ఇంకొంచెం నొక్కు" అనడం. ఖాళీ రోడ్ల మీద అమలాపురం నుంచి ముమ్మిడివరం దాకా ఎన్నిసార్లు తిరిగామో. పోలీసులు ఆపితే ఏరియేటరు మోటారు ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉండేది, చూపించడానికి.

రెండు విషయాల్లో మాత్రం వాడి మాట కాదని నా మాట నెగ్గించుకున్నాను. ఒకటి, పెట్టెకి కరెంటు పోతే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, పడిపోయి పాత తీగలు రెండూ వాటంతటవే కలిసిపోవాలి. పెట్టె చచ్చినా కారు కారులాగే నడవాలి. రెండు, మోటారు కంప్యూటరు జోలికి వెళ్ళకూడదు. బ్యాటరీ వేడెక్కిందా, వోల్టేజి పడిపోయిందా, ఇదంతా చూసుకునేది అదే. అడగడం వరకే మా వంతు. ఇవ్వాలా వద్దా అన్నది దాని ఇష్టం. ఈ రెండో నియమం లేకపోతే ఆ ప్యాకు ఏనాడో బూడిదయ్యేది.

మీట సంగతి కూడా చెప్పాలి, దాని మీదే నాకు ఎక్కువ ముచ్చట. మొదట పాత ఆంప్లిఫయరు వాల్యూము నాబ్ పెట్టాం. అది పనికిరాలేదు, చూడకుండా తిప్పితే ఎక్కడుందో తెలీదు. చివరికి గేరు రాడ్డు పక్కన బొటనవేలంత లివర్ పెట్టాం. ముందుకి తోస్తే దన్ను, వెనక్కి లాగితే రాబడి. వదిలేస్తే మధ్యకి వచ్చేసేలా రెండువైపులా బాల్‌పెన్ను స్ప్రింగులు. మధ్యలో సైకిలు బాల్ ఒకటి చిన్న గుంటలో పడి టక్‌మంటుంది, ఆ టక్కు వేలికి తెలుస్తుంది, కళ్ళు రోడ్డు మీదే ఉంచుకోవచ్చు. లివర్ తలకి కొబ్బరిచిప్ప ముక్క. ముదురు చిప్ప చెక్కి, గాజుపెంకుతో గీకి, కొబ్బరినూనె పట్టించి రుద్దితే నల్లగా గేదె కొమ్ములా మెరిసింది. టక్కుమనే చోట వదిలేస్తే కారు ఇష్టం. అక్కడే కిందికి ఒక నొక్కు నొక్కితే సున్నా, అంటే దన్నూ లేదు, రాబడీ లేదు, మోటారు ఉత్తినే తిరుగుతుంది. ఈ నొక్కుడు వాడు సరదాకి పెట్టాడు. అదే అసలు సంగతని అప్పుడు ఇద్దరికీ తెలీదు.

సర్క్యూటు బోర్డుకి ఆఖరున మా వైండింగు వార్నిషే పూశాను. సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు, ఉప్పుగాలికి ఏ టంకమైనా ఆరు నెలల్లో పచ్చబడుతుంది.

ఇక నడపడం. మొదటి వారం చిన్నపిల్లాడి చేతికి ఈల ఇచ్చినట్టే. ప్రతి వంతెనకీ తొయ్యడం, ప్రతి స్పీడుబ్రేకరుకీ లాగడం. పాశర్లపూడి దగ్గర వైనతేయ వంతెన ఎక్కుతూ మీట పూర్తిగా తోస్తే, పాత కారుకి ఎవరో వెనకనుంచి భుజం ఆనించినట్టు లేచింది. దిగుతూ వెనక్కి లాగితే బార్లు ఒక్కోటీ నిండుతుంటే, అబ్బో, ఆ సంతోషం చెప్పలేను. బ్రేకు మీద కాలు పెట్టకుండానే కారు ఆగిపోతోంది.

అక్కడే మొదటి దెబ్బ తగిలేది. బ్రేకు మీద కాలు పెట్టలేదంటే వెనక ఎర్రలైటు వెలగలేదనే కదా. కొత్తపేట దాటాక ఎదురుగా గేదెలొస్తే మీట లాగాను. వెనకొస్తున్న బైకు కుర్రాడు అంగుళంలో తప్పుకుని, పక్కకొచ్చి, నన్నూ మా వంశాన్నీ కలిపి కడిగేశాడు. వాడిదేం తప్పు లేదు. ఆ సాయంత్రమే మీట లాగితే బ్రేకు లైట్లు వెలిగేలా వేరే తీగ లాగాం. మధ్యలో డయోడు వేశాం, లేకపోతే నిజంగా బ్రేకు నొక్కారనుకుంటుంది కారు.

రెండో దెబ్బ ఇంకా పెద్దది. 2021 జులై, సార్వా దమ్ములు జరుగుతున్న రోజులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్వుకుంటూ పోయిన కాలవల గట్లే చాలాచోట్ల మాకు రోడ్లు. ఒకపక్క నిండుకాలవ, ఇంకోపక్క చేలు. దమ్ము చక్రాల ట్రాక్టరు చేలోంచి రోడ్డెక్కితే జానెడు మందాన బురద పరిచి పోతుంది. దాని మీద చినుకు పడింది. మలుపు ముందు అలవాటుగా మీట లాగాను. రాబడి ముందుచక్రాల మీదే పడుతుంది కదా, ముందుచక్రాలు పట్టు వదిలేశాయి. కంగారులో బ్రేకు తొక్కాను, మీట మాత్రం వదల్లేదు. మామూలుగా అయితే చక్రం జారగానే కారు రాబడి మానేసి, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌కి దారిస్తుంది. నా పెట్టె అది తెలీకుండా "పట్టు, ఇంకా పట్టు" అని అరుస్తూనే ఉంది. కారు నెమ్మదిగా, చాలా మర్యాదగా, కాలవ వైపు నడిచింది. ఒక బాదం చెట్టు లేకపోతే ఇవాళ ఈ రాత ఉండేది కాదేమో. ముందు బంపరు, ఒక లైటు పోయాయి. అమ్మ కారులో లేదు, అదే అదృష్టం.

ఆ తర్వాత నెలరోజులు మీట ముట్టుకోలేదు. మేనల్లుడు బ్రేకు పెడలు స్విచ్చి నుంచి ఒక తీగ తెచ్చి పెట్టెలో కలిపాడు: బ్రేకు మీద కాలు పడిందా, రిలే పడిపోవాలి, అంతా కారు చేతికి పోవాలి. ఈ పని మొదటిరోజే చెయ్యాల్సింది. షెడ్డులో ప్రతి మోటారుకీ ట్రిప్పు పెట్టకుండా పంపనివాణ్ణి, నా కారుకి మర్చిపోయాను. ఇంకోమాట, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిని కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా మార్చకూడదంటుంది. ఆ సంగతి తెలిసి కూడా చేశాను. చెట్టుకి గుద్దుకున్న రోజు అది చాలా గట్టిగా గుర్తొచ్చింది.

ఆ నెలలోనే కూర్చుని లెక్కలు వేశాను. ముందే వెయ్యాల్సిన లెక్కలు. మనుషులతో కలిపి కారు 1500 కిలోలు అనుకోండి. పది మీటర్ల ఎత్తు వంతెన ఎక్కించడానికి కావలసిన శక్తి 0.04 యూనిట్టు. గంటకి అరవైలో పోతున్న కారుని ఆపితే దొరికేది, గాలికీ టైర్లకీ పోయేది లెక్కలోకి తీసుకోకుండా, 0.06 యూనిట్టు లోపే. లీటరు పెట్రోలులో తొమ్మిది యూనిట్ల వేడి ఉంటుంది, ఇంజను అందులో మూడోవంతు కంటే తక్కువే చక్రానికి చేరుస్తుంది. అలా చూస్తే ఆ వంతెన ఎక్కడానికయ్యే పెట్రోలు పదిహేను మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా మూతతో ఒకటిన్నర మూత. దాంట్లో బ్యాటరీలోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి దారిలో పోయేది పోగా నాకు మిగిలేది ఒక మూత కూడా కాదు. ఈ మూతెడు పెట్రోలు కోసం ఏడు నెలలు పనిచేశాం!

ఇంకోలెక్క. మీట పూర్తిగా తోసి ఉంచితే 15 కిలోవాట్లు. చేతికొచ్చే అర యూనిట్టు రెండు నిమిషాల్లో అయిపోతుంది. అయిపోయాక దాన్ని నింపేది ఎవరు? వంతెనలు కాదు, ఇంజనే. చదును రోడ్డు మీద పెట్రోలు కాల్చి జనరేటరు తిప్పి, సెల్లులో దాచి, మళ్ళీ తీసి మోటారుకివ్వడం. ప్రతి మలుపులో కొంత వేడిగా పోతుంది. ఎడమజేబులోంచి తీసి కుడిజేబులో పెట్టుకోవడానికి దళారీకి కమిషనిచ్చినట్టు.

నేను కాగితం చూపిస్తే మేనల్లుడు ఎక్కువసేపు ఆలోచించలేదు. "అయితే మధ్యలో ఉంచు మావయ్యా. నొక్కేసి వదిలెయ్" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. అంత కష్టపడి పెట్టిన మీటని ఏమీ చెయ్యని చోట ఉంచమంటాడా! కానీ రాజమండ్రి వెళ్ళినప్పుడు అలాగే చేసి చూశాను. రావులపాలెం దాటి గౌతమి మీద హైవే వంతెనెక్కి, జొన్నాడ, కడియపులంక నర్సరీల మీదుగా, చదునుగా డెబ్భైలో పోయేంతసేపూ సున్నాలో. దన్ను కావాలనిపిస్తే కాలు కొంచెం తగ్గించడం. ఎదర ఆగాలని తెలిసినప్పుడు మాత్రం ముందునుంచే కాలు తీసి, కొంచెంగా, చాలాదూరం రాబడి పట్టడం. కాలు తీయగానే ఈ ఇంజను వాల్వులు మూసుకుని ఊపిరి బిగబడుతుంది, అందువల్ల ఇంజను లాక్కునేది తగ్గి మోటారుకి ఎక్కువ దక్కుతుంది. మెత్తగా పట్టుకుంటే సెల్లులు కూడా వేడెక్కవు.

ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ట్యాంకు నిండా కొట్టించి లెక్క రాసుకునేవాణ్ణి. పెట్టె పెట్టకముందు లీటరుకి 16.8 కిలోమీటర్లు. మీటతో విన్యాసాలు చేసిన రోజుల్లో 16.5, అంటే తగ్గింది. సున్నాలో ఉంచడం నేర్చుకున్నాక 18.1. ఎగిరి గంతేశాను. తర్వాత అనుమానమొచ్చి, పెట్టె ప్లగ్గు పీకేసి, కాలు మాత్రం నేర్చుకున్న పద్ధతిలోనే వాడుతూ రెండు ట్యాంకులు నడిపాను. 17.7. ఇంత బతుకూ బతికి మీట ఇచ్చింది 0.4. మిగతాదంతా కాలుకొచ్చిన బుద్ధి. 2022లో ఇదే కంపెనీ సిటీలో తెచ్చిన హైబ్రిడ్‌కి రాబడి ఎంత ఉండాలో మార్చుకోవడానికి స్టీరింగు వెనక రెక్కలు పెట్టారు. దన్ను మాత్రం నడిపేవాడి చేతికివ్వలేదు. ఎందుకివ్వలేదో నాకిప్పుడు తెలుసు.

మీటకి నిజంగా పనిపడేది ఎండాకాలంలో. ఈ కారు బ్యాటరీ గాలి పీల్చుకునేది వెనక సీటు తల మీదున్న అరుగులోని కన్నంలోంచి, అంటే మనం కూర్చునే చోటి చల్లగాలే దానికీ. మా అమ్మకి ఆ అరుగు దేవుడిచ్చిన అల్మరా. తుండుగుడ్డ, మందుల సంచి, ఆత్రేయపురం వెళ్ళొస్తే పూతరేకుల డబ్బాలు, అన్నీ సరిగ్గా ఆ కన్నం మీదే. మే నెలలో అలా మూస్తే అరగంటలో డిక్కీలోంచి ఫ్యాను గోల మొదలౌతుంది. అప్పుడు సున్నా నొక్కి పది కిలోమీటర్లు పోతే సెల్లులకి కాస్త ఊపిరాడుతుంది. అరుగు మీద ఏమీ పెట్టొద్దని తెల్ల స్టిక్కరు మీద రాసి అంటించాను. అమ్మ దాని మీద పసుపుబొట్టు పెట్టింది.

మీట దాని డబ్బు దక్కించింది ఒకే ఒకసారి. నర్సాపురంలో పెళ్ళి, అమ్మా నేనూ మా ఆవిడా. చుట్టూ తిరిగి చించినాడ మీంచి పోవచ్చు, కానీ అమ్మకి సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్ళని కూడా ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కాలని. చిన్నప్పటి ముచ్చట. సరే అన్నాను. రేవుకి చేరేసరికి పాటు. సముద్రం దగ్గరే కాబట్టి అక్కడ గోదారికి పోటూ పాటూ ఉంటాయి. పోటులో అయితే పంటు గట్టుకి దాదాపు సమంగా నిలబడుతుంది, పాటులో దిగిపోయి అవతల రేవు నిట్రంగా కనిపిస్తుంది. దానికి తోడు పొద్దున కురిసిన వాన, రేవంతా బురద తొక్కిడి.

అవతల ఎక్కాల్సింది తలుచుకుని, ఇంటి దగ్గర్నుంచి సున్నాలోనే వచ్చాను. ఆరు బార్లున్నాయి. పంటు కోసం ముప్పావుగంట ఆగాం. ఈ కారు ఆగినప్పుడు ఇంజను ఆగిపోయినా ఏసీ కొంత బ్యాటరీ మీద నడుస్తుంది. నేను ఏసీ ఆపేశాను. అద్దాలు దించాను.

"ఏవిట్రా ఈ ఉక్క! ఏసీ కారని కదా ఎక్కించావు?" అంది అమ్మ, శుభలేఖతో విసురుకుంటూ.

"బార్లు అయిపోతాయమ్మా."

"ఆ బార్లు పెట్టుకుని ఊరేగు."

పంటు అవతల ఆనింది. ముందు బైకులు దిగాయి. ఒకటి సగంలో జారితే నలుగురు పట్టి తోశారు. తర్వాత నా వంతు. చక్రాల కింద ఇనప రేకు, రేకు దాటగానే బురద, ఆపైన ఎత్తు. ఈ కారు గేరుబాక్సుకి నిలబడ్డచోటు నుంచి ఎత్తెక్కడమంటే గిట్టదు, వణుకుతుంది. ఇంజను గట్టిగా రేపితే చక్రం తిరిగిపోతుంది. కాలు తేలిగ్గా ఆనించి, చిప్ప మీట నెమ్మదిగా, వేలితో కొలిచినట్టు ముందుకి తోశాను. మోటారు బలమంతా అడుగు స్పీడులోనే ఉంటుంది, గోల లేదు, గుంజుడు లేదు. కారు రేకు దిగి, బురదలో ఒకసారి తల వంచి, కొండెక్కే గేదెలా ఒక్కో అడుగే వేసుకుంటూ పైకొచ్చింది. పదిహేను సెకన్లు పట్టిందేమో. గట్టెక్కేసరికి ఆరులో నాలుగు బార్లు మిగిలాయి. వేలు తీస్తే మీట మధ్యకొచ్చి టక్‌మంది.

బైకు తోసిన నలుగురిలో ఒకాయన, మోకాళ్ళదాకా బురదతో, కిటికీ దగ్గరికొచ్చాడు. వెనకున్న హైబ్రిడ్ అక్షరాలు చూసినట్టున్నాడు.

"మైలేజ్ ఎంతిస్తుందండీ?"

నేను నోరు తెరిచేలోపే వెనక సీట్లోంచి అమ్మ అందుకుంది. "ఏసీ ఆపుకుంటే బాగానే ఇస్తుంది నాయనా."